నేలను బట్టి గోడ

నరసరావుపేటలో గాని, పిడుగురాళ్లలో గాని, మాచర్లలో గాని క్రొత్తగా ఇల్లు కట్టుకొనువారు స్నానాల గదికి టైళ్లు కొనుటకై దుకాణమునకు వెళ్లినప్పుడు అచ్చట జరుగు వ్యవహారమును కొంచెము పరికించినచో ఒక విచిత్రము గోచరించును. చట్రములలో వరుసగా నిలబెట్టిన వందలాది నమూనాలలోనుండి ఒక్కొక్క టైలును విడిగా చేతబట్టి, కన్నులు మిరుమిట్లుగొలుపు తెల్లని దీపముల క్రింద దానిని అటు నిటు త్రిప్పి, ఇది బాగున్నదనియు అది బాగులేదనియు ఇంటిల్లిపాదియు తీర్పు చెప్పుచుందురు. ఆ టైలు ఏ నేల ప్రక్కన బ్రతుకంతయు నిలువవలసి యున్నదో ఆ నేల మాత్రము అచ్చట ఉండదు. నేల అప్పటికే ఇంట పరచబడి యుండును, లేదా పరచుటకు నిర్ణయమై యుండును. గోడ టైలు విషయములో మనస్సు పదిసార్లు మార్చుకొనవచ్చును గాని నేల విషయములో అది సాగదు. కావున కొనువారు మొదట తెలిసికొనదగినది తమ నేల ఎట్టి రంగుతో నున్నదో, అది ఏ రంగును తనతో ఇముడ్చుకొనగలదో అన్నదియే.

ఐరోపాలోను అమెరికాలోను ఈ చర్చ ఎక్కువగా ఓక్ చెక్క నేలను గురించి సాగుచుండును. పల్నాటిలో ఓక్ లేదు. నల్లమల టేకు ద్వారబంధములకును తలుపులకును వచ్చినదేగాని నేలకు పరచు వాడుక మనకు లేదు. మన నేల నాపరాయి. విట్రిఫైడ్ టైళ్లు వచ్చి హాలును పడకగదులను ఆక్రమించిన ఈ దినములలో సైతము వరండాకు, మెట్లకు, దొడ్డికి, బట్టలుతుకు చోటికి, పాత యిండ్లలోనైతే ఇల్లంతటికిని నాపరాయే దిక్కు. రెంటచింతల ఎండల పేరు ఆంధ్రదేశమున ఎరుగనివారు లేరు. వేసవిలో 45 డిగ్రీలు దాటు ఆ సీమలో మధ్యాహ్నవేళ చాప యైనను పరచుకొనక నాపబండపై వీపు వాల్చిన సుఖము అనుభవించినవారికే తెలియును. రాయి చెక్కకంటె ఎన్నో రెట్లు వేగముగా దేహములోని వేడిని గ్రహించి తనలోనికి చెదరగొట్టుకొనుటయే ఆ చల్లదనమునకు కారణము. ఇట్టి నేలను రంగుకొరకు మాత్రము ఎవరును తలంచరు. అది "బూడిద రంగు" అని ఒక్క మాటలో తేల్చివేయుదురు. పొరపాటు అక్కడనే ఆరంభమగుచున్నది.

నాపరాయి సున్నపురాతి జాతి. కడప, కర్నూలు మండలములనుండి పల్నాటి వరకు అర్ధచంద్రాకారముగా వ్యాపించిన ప్రాచీన శిలాద్రోణిలో ఈశాన్యపు కొన పల్నాడు. ఈ ద్రోణిలోని శిలలను వర్గీకరించి విలియం కింగ్ అను భూవిజ్ఞానవేత్త 1872లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ పక్షమున ఒక బృహద్గ్రంథమును వెలువరించెను. జంతువులకు గుల్లలును ఎముకలును ఇంకను ఏర్పడని ఆదికాలమున, నిశ్చలమైన ఒక లోతులేని సముద్రపు అడుగున సున్నపు బురద పొరపై పొరగా పేరుకొని గట్టిపడి ఈ రాయి యైనది. పొరపొరగా పేరుకొనుటచేతనే ఉలి పెట్టి కొట్టినంతనే ఇది అంగుళము, రెండంగుళముల మందమున బల్లపరుపుగా చీలివచ్చును. శుద్ధమైన కాల్షియం కార్బొనేటుకు రంగు లేదు. నున్నగా నూరిన అది తెల్లనిది. రాతికి రంగు నిచ్చునవి అందు నూటికి కొద్దిపాళ్లు మాత్రమే కలిసియుండు మలినములు. జీవజాల శేషమైన కర్బనము కొంచెము చేరిన రాయి బూడిదవన్నెకు, ఎక్కువ చేరిన నలుపునకు దిగును. ప్రాణవాయువు తగులని బురదలో ఇనుము ఒక స్థితిలో నుండి మట్టి ఖనిజములతో కలిసి లేత ఆకుపచ్చనిచ్చును. ప్రాణవాయువు తగిలిన చోట అదే ఇనుము తుప్పై ఎఱుపును, ఊదాయెఱుపును, నీటితో కూడినప్పుడు పసుపును ఇచ్చును. ఒకే క్వారీలో పై పొర పసుపు చాయయు, క్రింది పొర నీలిబూడిద చాయయు కలిగియుండుట ఇందువలననే: పైది వాన నీటితో తడిసి తుప్పుపట్టినది, క్రిందిది ఆ సంగతి ఎరుగనిది.

ఈ లేత ఆకుపచ్చ చాయ మన శిల్పచరిత్రలో ప్రసిద్ధమైనది. నేటి పల్నాడు జిల్లాలోనే యున్న అమరావతి మహాస్తూపపు ఫలకములును, మాచర్లకు చేరువనున్న నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలమున చెక్కబడిన శిల్పములును ఈ జాతి సున్నపురాతివే. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన అమరావతి ఫలకములు మద్రాసు చేరి, అందు కొన్ని 1859లో లండనుకు తరలి, 1880లో బ్రిటిష్ మ్యూజియమునకు దక్కినవి. వానిని తెల్లవారు చాలకాలము పాలరాయి యనియే వ్యవహరించిరి. నిజమునకు పాలరాయి ఉష్ణముచేతను ఒత్తిడిచేతను స్ఫటికరూపమున పునర్జన్మ పొందిన సున్నపురాయి; మనది ఆ సంస్కారము పొందనిది, అందుచేతనే సూక్ష్మకణములతో మెత్తగా ఉలికి లొంగినది. నాగార్జునకొండ ద్వీపములోని ప్రదర్శనశాలలో ఆ శిల్పములను చూచువారు ఒక చిన్న ప్రయోగము చేయవచ్చును. శిల్పమును మాత్రమే కొంతసేపు చూచిన అది తెలుపో బూడిదో తేలదు. జేబురుమాలు వంటి శుద్ధమైన తెల్లని వస్తువును కంటికి దగ్గరగా పెట్టుకొని, దాని అంచు ప్రక్కగా శిల్పమును చూచినంతనే ఆ రాతిలోని హరితచాయ స్పష్టముగా బయటపడును. ఒంటరిగా నున్నప్పుడు దాగియుండి తెలుపు ప్రక్కన వెల్లడియగు ఇట్టి చాయయే గోడ టైలును ఎన్నుకొనుటలో అసలు నిర్ణేత.

దీనిని కనుగొనుటకు తాపీమేస్త్రీలకు మరియొక ఉపాయము తెలియును. ఇల్లు కట్టు చోట ఇట్టి సంభాషణ వినబడుచుండును:

"రాయి బూడిద రంగే గదా మేస్త్రీ, దీని పక్కన ఏ టైలైతే ఏమి?"

"ఒక్క చెంబుడు నీళ్లు పోసి చూడండయ్యా, అసలు రంగు అప్పుడు బయటపడుద్ది."

మేస్త్రీ చెప్పినది భౌతికశాస్త్రమునకు సరిపోవు మాట. ఎండిన రాతి ఉపరితలము, చేతికి నున్నగా తోచినను, సూక్ష్మమైన ఎగుడుదిగుడుల మయము. గాలినుండి రాతిలోనికి దూకబోవు కాంతి ఆ గరుకుతనము వలన నలుదిక్కులకు చెదరి, రాతిలోని రంగును తాకకముందే కొంత తెల్లని వెలుగుగా కంటికి చేరి, రంగుపై ఒక పలుచని తెర కప్పును. వక్రీభవన గుణకము గాలికి 1, నీటికి 1.33, సున్నపురాతిలోని ఖనిజమైన కాల్సైటుకు దిశను బట్టి 1.49 నుండి 1.66 వరకు. నీరు ఆ గుంటలను నింపినప్పుడు అంతరము తగ్గి, కాంతి చెదరుట తగ్గి, అది రాతిలోనికి లోతుగా చొచ్చుకొని పోయి రంగును మోసికొని తిరిగివచ్చును. అంతేగాక తిరిగివచ్చు కాంతిలో కొంత నీటిపొర పైతలమును తాకి మరల రాతిపైననే పడి రెండవసారి శోషింపబడును. ఈ రెండవ కారణమును స్వీడనుకు చెందిన ఆండర్స్ ఆంగ్‌స్ట్రోమ్ 1925లో వివరించెను. అందుచేత తడిరాయి ఎక్కువ నల్లగాను, ఎక్కువ రంగుగాను కన్పట్టును. స్నానాల గది నేల రోజులో కొంతసేపు తడిగాను, మిగిలిన కాలము పొడిగాను ఉండును గనుక, టైలును ఆ రెండు రూపములకును సరిపోవునట్లు ఎన్నుకొనవలెను. పొడిరాతిని మాత్రమే చూచి ఎన్నుకొన్న టైలు నీళ్లు పోసినంతనే పరాయిదై పోవును.

ఇక పొరుగు రంగుల సంగతి. 1824లో పారిసు నగరమునందలి గోబెలిన్ వస్త్రశాలలో అద్దకపు శాఖకు అధ్యక్షుడుగా నియుక్తుడైన మిషెల్ షెవ్రల్ అను రసాయనవేత్తకు నేతగాండ్రనుండి ఒక ఫిర్యాదు వచ్చెను: నీలి, ఊదా వస్త్రములలో నీడల కొరకు వాడు నల్లదారము సరిగా నలుపు తేలుటలేదని. షెవ్రల్ దారమును పరీక్షించి చూచెను. అద్దకములో లోపమేమియు లేదు. దాని ప్రక్కనున్న నీలిమయే నలుపును చెడగొట్టుచున్నదని ఆయన గ్రహించెను. 1839లో ఆయన ప్రకటించిన గ్రంథమునందలి సారము ఇది: ప్రక్కప్రక్కన నున్న రెండు రంగులలో ఒక్కొక్కటి తన ప్రతిరంగును పొరుగుదానిపై ఆరోపించును. ఎఱుపు తన ప్రక్కదానిని ఆకుపచ్చ వైపునకు, నీలము తన ప్రక్కదానిని నారింజపసుపు వైపునకు నెట్టును. తేటరంగు తన పొరుగును నల్లబరచును, ముదురురంగు తేటపరచును. కంటిలోను మెదడులోను ఎఱుపు-ఆకుపచ్చ, నీలము-పసుపు అను జంటలుగా సంకేతములు ఒకదాని కొకటి ఎదురునిలిచి పనిచేయుటయు, ఒక చోటి సంకేతము పొరుగు చోటి సంకేతమును అణచుటయు దీనికి మూలములని తరువాతివారు నిరూపించిరి. ఈ ధర్మమునకు అందరికంటె ఎక్కువగా లొంగునది తనకంటూ గట్టిరంగు లేని బూడిదవన్నె. అనగా మన నాపరాయి.

ఈ సూత్రమును చేతబట్టుకొని స్నానాల గదిలోనికి పోదము. హరితచాయ గల నాపరాతి ప్రక్కన గులాబీరంగు టైలు వేసిన, గులాబి తన ప్రతిరంగైన ఆకుపచ్చను రాతిపై మరింత ఆరోపించును. పొడిగా నున్నప్పుడు ఒకవిధముగా సహింపదగినను, తడిసినప్పుడు నేల పాచిపట్టినట్లు తోచును. నేల కడిగి కడిగి విసుగుచెందిన ఇల్లాండ్రు ఉందురు. తప్పు పాచిది గాక గులాబిది. నీలిబూడిద చాయగల రాతి ప్రక్కన గట్టి పసుపు టైలు వేసిన నేల మరింత నీలముగా, నిర్జీవముగా కన్పట్టును. పసుపుచాయ గల రాతి ప్రక్కన నీలితెలుపు టైలు వేసిన, టైలు మల్లెపూవువలె మెరయును గాని రాయి మాసిన గుడ్డవలె తయారగును. దుకాణములో నేడు ఎక్కువగా అమ్ముడగునది ఈ నీలితెలుపే యగుట శోచనీయము. రాతిలోని చాయకు ఎదురుగాక దానివైపే కొంచెము మొగ్గిన తేటరంగు, అనగా హరితచాయ రాతికి ఆకుపచ్చ లేశము గల తెలుపు, పసుపుచాయ రాతికి మీగడ తెలుపు, నీలిబూడిద రాతికి వెండిబూడిద, తడిలోను పొడిలోను చెడని పొత్తులు. ఇది కేవలము రుచిభేదమని త్రోసిపుచ్చుట కష్టము.

రంగుజాతి కంటెను ముఖ్యమైనది తేటదనపు అంతరము. అమెరికా చిత్రకారుడు ఆల్బర్ట్ మన్సెల్ 1905లో రంగును మూడు కొలతలుగా విడగొట్టెను: జాతి, తేట, గాఢత. గోడయు నేలయు జాతిలో ఎంత కలిసినను తేటలో కూడ సమానమైనచో, వృద్ధుల కంటికి గోడ ఎక్కడ ముగిసి నేల ఎక్కడ మొదలైనదో తెలియకపోవును. తడినేలపై ఆ అయోమయము ప్రమాదకరము. నాపరాయి స్వభావతః మధ్యమమో ముదురో గనుక గోడ తేటగా నుండుట మేలు. మన దుకాణములలో స్నానాల గది టైళ్లను "డార్కు", "లైటు", "హైలైటరు" అని మూడు పేర్లతో జట్టుగా అమ్ముదురు: క్రింద ముదురు, పైన తేట, నడుమ పూవులో అలలో గల వరుస. నాపరాతి నేలకు ఈ జట్టు ఒకవిధముగా అనవసరము. ఏలయన అచ్చట "డార్కు" నేలయే. దానిపై మరియొక ముదురును నడుమువరకు ఎక్కించిన గది బావివలె లోతుగా తోచును. హైలైటరును గురించి నా అభిప్రాయము చెప్పుటకు పూనుకొన్నచో వ్యాసము త్రోవ తప్పును.

చిన్న గదిలో టైలు రంగు దుకాణములోని నమూనా కంటె ముదురుగా నుండుట అనేకులకు అనుభవమే. దానికి వేరే టైళ్లు పంపినారని దుకాణదారునితో వాదమునకు దిగినవారు కూడ ఉన్నారు. ఇందలి గణితము సరళమైనది. అన్నివైపుల ఒకే టైలు పరచిన మూసిన గది నొకదానిని ఊహింపుడు. దీపపు వెలుగు ఒక గోడపై పడి, కొంత శోషింపబడి, మిగిలినది ఎదుటి గోడపై పడి, అచ్చటినుండి మరల ఇటు వచ్చును. ఇట్లు పరావర్తనములన్నియు కలుపగా, టైలు నూటికి 50 పాళ్లు వెలుగును త్రిప్పికొట్టునదైనచో గోడపై వెలుగు మొత్తము తొలి వెలుగునకు 2 రెట్లును, 80 పాళ్లు త్రిప్పికొట్టునదైనచో 5 రెట్లును అగును. తేట టైలు వేసిన గదిలో చిన్న దీపము చాలుటకు హేతువిదే. కాని ఈ చెండాట రంగును కూడ పెంచును. నమూనాలో ఎఱుపు కాంతిని 85 పాళ్లు, ఆకుపచ్చ కాంతిని 75 పాళ్లు త్రిప్పికొట్టు లేత గులాబి టైలును తీసికొనుడు. చేతిలో అది దాదాపు తెలుపే. అదే మూసిన గదిలో ఎఱుపు వెలుగు 6.7 రెట్లకు, ఆకుపచ్చ వెలుగు 4 రెట్లకు పెరిగి, గోడనుండి కంటికి చేరు ఎఱుపు ఆకుపచ్చకు దాదాపు రెట్టింపగును. నిజమైన గదిలో తలుపు, కిటికి, ముదురు నేల ఉండుటచే ప్రభావము ఇంత తీవ్రముగా నుండదు గాని దిశ మాత్రము ఇదే. కావున నమూనాలో చూచి "ఇంకొంచెము రంగుండిన బాగుండును" అనిపించు టైలే నాలుగు గోడలపై ఎక్కిన పిదప సరిగా నుండును. అద్దములో మన ముఖముపై పడునది సైతము ఈ గోడల వెలుగే. ఆకుపచ్చ గాఢముగా నున్న స్నానాల గదిలో ఆరోగ్యవంతుడు కూడ కామెర్ల రోగివలె కనబడుట ఇందుచేతనే.

దీపముల మాట కూడ చెప్పవలెను. రెండు వస్తువులు ఒక వెలుగులో ఏకవర్ణముగాను మరియొక వెలుగులో భిన్నవర్ణముగాను కనబడుట కద్దు. వాని రంగులకు మూలమైన పదార్థములు వేరగుటయే కారణము. నాపరాతి రంగు కర్బనమువలన, ఇనుమువలన వచ్చినది. టైలు రంగు బట్టీలో కాల్చిన గాజుపూతలోని కోబాల్టు, క్రోమియం, జిర్కన్ మొదలగువానివలన వచ్చినది. 6500 కెల్విన్ తెల్లని ఎల్.ఇ.డి. క్రింద చక్కగా కలిసిన ఈ రెండును 2700 కెల్విన్ పసుపు దీపము క్రింద విడిపోవచ్చును. కిటికీ వెలుగులోను, ఇంటిలో పెట్టబోవు దీపము క్రిందను రెండు మార్లు చూడనిదే సొమ్ము చెల్లింపరాదు.

బట్టలుతుకు చోటికి వేరొక విచారము గలదు. పూర్వము మన గోడలకు టైళ్లు లేవు, సున్నము ఉండెను. ఆ సున్నము పిడుగురాళ్ల బట్టీలలో కాలినది. సున్నపురాతిని 900 డిగ్రీల ప్రాంతమున కాల్చిన, నూరు కిలోల శుద్ధమైన రాతిలో 44 కిలోలు బొగ్గుపులుసు వాయువై ఎగిరిపోయి 56 కిలోల కాల్చిన సున్నము మిగులును. దానిపై నీళ్లు చల్లిన కుతకుత నుడికి పొడియగును. గోడకు పూసిన పిదప గాలిలోని ఆ వాయువునే మెల్లమెల్లగా మరల గ్రహించి తిరిగి కాల్షియం కార్బొనేటుగా గట్టిపడును. అనగా పాత పల్నాటి ఇంటిలో నేలయు గోడయు రసాయనరీత్యా ఒకే పదార్థము. నేల మలినములతో కూడినది, గోడ అగ్నిలో వేగి వచ్చినది. ఆ పొత్తు కంటికి ఇంపుగా నుండుటలో ఆశ్చర్యమేమి? ఆ సున్నపు వెల్లలో చిటికెడు నీలిమందు కలుపుట ఆచారము. సున్నపు తెలుపులో మిగిలిన పసుపు చాయను నీలిమందు హరించును. మొత్తము వెలుగు కొంచెము తగ్గినను, పసుపు పోయిన తెలుపే అధికమైన తెలుపుగా కంటికి తోచును. ఉతికిన పంచెలను నీలిమందు నీటిలో జాడించుటయు ఇదే సిద్ధాంతముపై. ఈ మందు ఫ్రెంచి దేశీయుడు గిమే కృత్రిమముగా తయారుచేసి 1828లో బహుమానము పొందినదాకా బదక్షాన్ కొండల రాజావర్తమణిని నూరి తీయవలసిన అమూల్యవస్తువు. తరువాత మన పచారీ కొట్టులో పొట్లముగా అమ్ముడయ్యెను. సున్నపు క్షారమునకు అది చెక్కుచెదరదు, ఆమ్లము తగిలిన క్షణములో వెలిసిపోవును.

నేటి బట్టల సబ్బుపొడులలో నీలిమందుకు బదులు మరియొక యుక్తి గలదు: కంటికి కనబడని అతినీల కిరణములను పీల్చి నీలికాంతిగా విడుచు ద్రవ్యములు. ఎండలో తెల్లచొక్కా మెరయుట వానివలన; ఎల్.ఇ.డి. దీపములో అతినీల కిరణములు దాదాపు లేవు గనుక రాత్రివేళ అదే చొక్కా చప్పగా కనబడును. వాషింగ్ మెషిన్ పెట్టు చోట గోడ టైలునకు గాఢమైన రంగున్నచో, పరావర్తనముల చెండాట చేత ఆ రంగు బట్టలపై పడి, మరక వదలినదో లేదో తెలియకుండ చేయును. మిరపకోతల కాలమున కళ్లమునుండి వచ్చిన చొక్కాలు ఉతుకు ఇండ్లలో ఇది అల్పవిషయము గాదు. అచ్చట తేటబూడిదయో, రంగు లేని తెలుపో తప్ప మరియొకటి పనికిరాదు. అలంకారమునకు స్నానాల గదియందు తావున్నది. ఉతుకు చోటున లేదు.

పల్నాటికి ప్రత్యేకమైన మరియొక సంగతి నీటిది. సున్నపురాతి పొరలగుండ దిగిన నీరు ఆ రాతిని కొంత కరిగించుకొని బోరుబావికి చేరును. ఆ నీరు గోడపై ఆరినచోట కరిగినది మరల రాయియై తెల్లని పొరగా నిలిచిపోవును. సబ్బుతో కలిసిన చోట జిగటతెట్టు కట్టును. నల్ల టైళ్లు, ముదురునీలపు మెరుగు టైళ్లు దుకాణములో రాజసముగా నుండును గాని ఈ నీటికి నెలదిరుగకుండ బొల్లి పట్టినట్లగును. శుద్ధమైన తెలుపునకు వేరొక శత్రువు పసుపు. స్నానమున ముఖమునకు, కాళ్లకు పసుపు రాచుకొను ఇంట, టైలు గాజుపూతపై అది నిలువదు గాని నడుమనున్న అతుకులలోని తెల్లసిమెంటులో ఇంకును. అచ్చటి సున్నమును సబ్బును తగిలి, పారాణి పండినట్లు ఎఱ్ఱబారును. పసుపులోని రంగు క్షారములో ఎఱుపుగా మారుట దాని స్వభావము. ఊరట ఏమన, ఎండ తగిలిన అది కొలదిదినములలోనే వెలిసిపోవును. తూర్పు కిటికీ గల స్నానాల గదికి ఇది ఒక లాభము.

ఈ తెల్లపొరను పోగొట్టుటకు సీసాలలో అమ్ము యాసిడ్డును పోయుట పరిపాటి. గాజుపూత దానిని సహించును, నాపరాయి సహింపదు. తెల్లపొర ఏ పదార్థమో నేలయు అదే పదార్థము గనుక ఆమ్లము ఆ రెంటికిని భేదము పాటింపదు; బుసబుస పొంగి నేల మెరుగును తినివేయును. ఆమ్లము తిన్న రాయి గరుకై, ఇంతకు ముందు చెప్పినట్లు కాంతిని చెదరగొట్టి, పాలిపోయి, ముందు ఎన్నుకొన్న టైలుతో పొత్తు చెడును. కావున నాపరాతి నేల గల చోట, తెల్లపొర కనబడని తేటబూడిద, మీగడ వన్నెలలో మెరుగులేని టైళ్లను ఎన్నుకొని యాసిడ్డు అవసరమునే తగ్గించుకొనుట బుద్ధిమంతుల పని. నిమ్మరసము, చింతపండు సైతము ఆమ్లములే యని మరువరాదు.

పల్నాటి బిడ్డలు అనేకులు నేడు టెక్సాసులోను న్యూజెర్సీలోను ఇండ్లు కొనుచున్నారు. అచ్చట వారికి నేల ఓక్. నాపరాతికి చెప్పిన విచారమంతయు దానికిని వర్తించును గాని దిశ మారును. చెక్కలోని లిగ్నిన్ అను పదార్థము నీలికాంతిని పీల్చుటచే ఓక్ పసుపు, నారింజ వైపునకు మొగ్గును. ఇది నాపరాతివలె ప్రక్కరంగునకు లొంగునది కాదు, తానే పొరుగును లొంగదీయునది: ఓక్ ప్రక్కన వేసిన తటస్థమైన బూడిద టైలు నీలముగా తోచును. హాలులోని చెక్కనేలకు అలవాటుపడిన కంటికి తలుపు దాటి స్నానాల గదిలో కాలిడినంతనే ఆ నీలిమ ఇంకను హెచ్చుగా కన్పట్టును. అందుచే అచ్చట కొంచెము పసుపు గలిపిన బూడిదయే నిజమైన బూడిదగా కనబడును. ఓక్‌లోను రెండు తెగలు: ఎఱ్ఱ ఓక్‌లో గులాబి చాయ, తెల్ల ఓక్‌లో ఇంచుక హరితము గల గోధుమచాయ, మొదటిదాని ప్రక్కన లేత ఆకుపచ్చ టైలు చెక్కను మరింత ఎఱ్ఱబరచును, రెండవదాని ప్రక్కన అదే టైలు సౌమ్యముగా ఒదుగును. చెక్కకు నూనెజాతి వార్నీషు పూసిన ఏండ్లు గడచినకొలది అంబరువన్నెకు తిరుగును, నీటిజాతి పూత తేటగా నిలుచును. టైలు కొనునప్పుడు నేటి రంగునేగాక పదేండ్ల తరువాతి రంగును తలంచుకొనవలెను. ఓక్‌నందు కరకవంటి వగరు పదార్థము సమృద్ధిగా నుండును. కరక్కాయ కషాయములో అన్నభేది కలిపి మన పెద్దలు సిరా చేసినట్లే, తడిసిన ఓక్‌కు ఇనుప మేకు తగిలినచోట నల్లమరక పుట్టును. వాషింగ్ మెషిన్ ఇనుప కాళ్లు చెక్కపై నిలుపక, ఉతుకుగదికి టైలు పరచుట అందమునకు మాత్రమే గాదు.

అతుకుల రంగు అందరును చివరకు తలంచునది. పలువురు తలంపనే తలంపరు. పెద్ద వైశాల్యముల నడుమ రంగులు ఒకదాని నొకటి తరుముకొనునని షెవ్రల్ చెప్పెను. సన్నని గీతలతో విడిపడిన చిన్న ముక్కలలో దీనికి విపరీతము జరుగును, గీత రంగు ముక్క రంగులోనికి ప్రాకి కలిసిపోవును. దీనిని వాతావరణ శాస్త్రవేత్తయైన విల్హెల్మ్ ఫాన్ బెత్సోల్డ్ 1874లో వర్ణించెను. ఒకే తెల్ల టైలు నల్ల అతుకులతో బూడిదగాను, తెల్ల అతుకులతో తెలుపుగాను కన్పట్టును. టైలు చిన్నదగుకొలది ఈ ప్రభావము పెద్దదగును. నాపరాతి నేల గల గదిలో గోడ టైలు అతుకులకు రాతి రంగుకు దగ్గరైన బూడిదను వాడినచో, గోడ నేలవైపునకు ఒక్క మెట్టు దిగి కలియును. పసుపు మరకలును దాగును. తెల్లసిమెంటులో కలుపుకొను పొడి ధర స్వల్పము.

టైళ్లు కొనునప్పుడు పెట్టెపై అచ్చువేసిన షేడు సంఖ్య పెట్టెలన్నిటిమీదను ఒక్కటే యగునట్లు చూచుకొనవలెను. గుజరాతులోని మోర్బీ బట్టీలలో ఒకే అచ్చున ముద్రించి కాల్చినను, వేడిమిలో కొలది డిగ్రీల తేడాయే గాజుపూత రంగును మార్చును. ఆ తేడాను దుకాణములో కన్ను పట్టలేదు, గోడపై ప్రక్కప్రక్కన అతికిన పిదప పట్టును. మేస్త్రీ చెప్పిన లెక్కకు మించి ఒక పెట్టె ఎక్కువ తెచ్చి అటక మీద పడవేయుట మంచిది. నాపరాయికి ఆ జాగ్రత్త అక్కరలేదు; రెండు బండలు ఒకే రంగున నుండవని దానిని పరచువాడును కొనువాడును ముందే ఎరుగుదురు.